వెబ్ సాఫ్ట్‌వేరుకు బీగం వేయడం ఎలా?



ఈ సంచికకు కంప్యూటరు విషయం మీద ఒక పాఠం రాయమని ట్రస్టు పెద్దలు నన్ను అడిగారు. నేను బళ్ళారి కంటోన్మెంట్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. సరిహద్దు జిల్లా పిల్లలకు ఇది మామూలే కదా! డిప్లొమా రెండో సంవత్సరం ఫీజు ఈ ట్రస్టు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతోనే కట్టాను. ఆ తర్వాత నుంచి కంపెనీల సర్వర్లు చూసుకునే ఉద్యోగంలోనే ఉన్నాను. కాబట్టి నాకు బాగా తెలిసిన పని గురించే రాస్తాను.

ఆ మధ్య మా వీధిలో పీయూసీ చదివే ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపడానికి వాళ్ళమ్మతో కలిసి నెట్ సెంటరుకు వెళ్ళింది. మరునాడే ఆఖరి తేదీ. సైటు తెరవగానే ఎర్ర అక్షరాలతో హెచ్చరిక వచ్చింది. "అన్నా, ఈ సైటు నమ్మదగింది కాదు అని వస్తాంది. సెంటరాయన ఏం కాదు, అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, నొక్కి ముందుకు పో అంటున్నాడు. నొక్కాల్నా, వద్దా?" అని అడిగింది. ఆ అమ్మాయికి నేనేం చెప్పానో పాఠం చివర రాస్తాను. అక్కడికి వచ్చేసరికి ఆ జవాబు మీకే తెలిసిపోవాలని నా కోరిక.

1. పోస్టుకార్డు, కవరు

పెద్దవాళ్ళకు పోస్టుకార్డు గుర్తుండే ఉంటుంది. దాని మీద రాసింది దారిలో ఎవరైనా చదవవచ్చు. కవరులో పెట్టి అంటిస్తే చదవలేరు. ఇంటర్నెట్టులో మనం పంపే సమాచారం కూడా ఎన్నో చేతులు మారి వెళుతుంది. నెట్ సెంటరులోని వైఫై పెట్టె, కేబులాయన లేదా టెలిఫోన్ కంపెనీ పరికరాలు, ఇంకా ఎన్నో ఊళ్ళలోని రౌటర్లు దాటితేగాని అది సర్వరుకు చేరదు. హెచ్‌టీటీపీ అనే పద్ధతిలో వెళితే అది పోస్టుకార్డు. హెచ్‌టీటీపీఎస్‌లో వెళితే మూసిన కవరు. చివరనున్న ఆ ఒక్క 'ఎస్' అక్షరం సెక్యూర్, అంటే భద్రం అనే మాటకు గుర్తు.

ఈ కవరు మూడు పనులు చేయాలి. మొదటిది, లోపల ఏముందో దారిలో ఎవరికీ తెలియకూడదు. రెండవది, దారిలో ఎవరైనా ఒక్క అంకె మార్చినా పట్టుబడాలి. మూడవది, మనం ఎవరికి పంపామో వాళ్ళకే చేరాలి. చాలామంది మొదటి పనినే గుర్తుపెట్టుకుంటారు. నిజానికి మూడవదే అన్నిటికంటే కష్టమైనది. దొంగ చేతికి ఎంత భద్రంగా కవరు అంటించి ఇచ్చినా లాభమేముంది?

కంపెనీల సంగతికి వస్తే, జీతాలు, హాజరు, కొనుగోళ్ళు, సరుకు లెక్కలు అన్నీ ఇప్పుడు వెబ్ సాఫ్ట్‌వేరులోనే నడుస్తున్నాయి. ఆసుపత్రి రికార్డులు, కాలేజీ మార్కులు కూడా అంతే. అందుకే ఈ బీగం వేయడం వచ్చినవాళ్ళు ప్రతి సంస్థకూ కావాలి. అన్నట్టు, తాళాన్ని మన బళ్ళారి వైపు బీగం అనే అంటాం కాబట్టి నేనూ ఆ మాటే వాడుతున్నాను.

2. కొంచెం చరిత్ర

ఈ పద్ధతిని మొదట తయారుచేసింది అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీ. దాని పేరు ఎస్‌ఎస్‌ఎల్. 1995లో రెండవ రూపం, 1996లో మూడవ రూపం వచ్చాయి. 1999లో దాన్ని సవరించి టీఎల్‌ఎస్ అని పేరు మార్చారు. 2008లో టీఎల్‌ఎస్ 1.2, 2018లో టీఎల్‌ఎస్ 1.3 వచ్చాయి. పాత ఎస్‌ఎస్‌ఎల్ మూడవ రూపాన్ని ఛేదించే పద్ధతి 2014 అక్టోబరులో బయటపడింది. దానికి పూడుల్ అని పేరు పెట్టారు. టీఎల్‌ఎస్ 1.0, 1.1 రూపాలను కూడా వాడకూడదని 2021 మార్చిలో అధికారికంగా ప్రకటించారు. జనం నోట ఇంకా ఎస్‌ఎస్‌ఎల్ అనే పాత పేరే ఉంది గాని, ఇప్పుడు సర్వరులో ఉంచవలసినవి 1.2, 1.3 మాత్రమే. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, గుర్తుంచుకోండి.

3. లోపల జరిగేది

బళ్ళారిలో జీన్స్ బట్టలకు రంగు వేసే పని మీలో చాలామంది చూసి ఉంటారు. ఆ రంగులతోనే చెబుతాను. రాముడు, సోముడు అందరూ చూస్తుండగా పసుపు రంగు వాడుకుందామని ఒప్పుకున్నారు. ఇద్దరి దగ్గరా ఎవరికీ చూపని సొంత రంగు ఒకటి ఉంది. రాముడు తన రంగును పసుపులో కలిపి సోముడికి పంపాడు. సోముడూ అలాగే కలిపి రాముడికి పంపాడు. దారిలో అందరూ ఆ మిశ్రమాలను చూశారు. ఇప్పుడు తనకు వచ్చిన మిశ్రమంలో ఎవరి సొంత రంగు వాళ్ళు మళ్ళీ కలిపారు. ఇద్దరికీ వచ్చిన చివరి రంగు ఒక్కటే! దారిలో చూసినవాడికి అది తెలియదు, ఎందుకంటే కలిసిపోయిన రంగును విడదీయలేడు.

కంప్యూటరులో రంగులకు బదులు చాలా పెద్ద సంఖ్యలు ఉంటాయి. ఈ ఉపాయాన్ని 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు ప్రచురించారు. బ్రౌజరు, సర్వరు ఈ విధంగా ప్రతిసారీ ఒక కొత్త రహస్య సంఖ్యను తయారుచేసుకుంటాయి. ఆ తర్వాత సమాచారమంతా ఆ సంఖ్యతోనే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే తెలియనివాళ్ళు చదవలేని రూపంలోకి మారుతుంది. దానికి ఎక్కువగా వాడేది 2001లో ప్రమాణంగా ప్రకటించిన ఏఈఎస్ పద్ధతి.

కాని ఇక్కడొక చిక్కుంది. మధ్యలో ఒక మోసగాడు కూర్చుని రాముడితో "నేనే సోముణ్ణి" అని, సోముడితో "నేనే రాముణ్ణి" అని చెప్పి ఇద్దరితో విడివిడిగా రంగులు కలిపితే? రహస్యం బాగానే తయారవుతుంది, కాని మోసగాడితో తయారవుతుంది. ఈ చిక్కును విప్పడానికే సర్టిఫికెట్టు కావాలి.

సర్టిఫికెట్టు అంటే మన స్కాలర్‌షిప్పు పిల్లలకు చెప్పనక్కరలేదు! దరఖాస్తుతో ఆదాయ ధ్రువపత్రం జతచేస్తారు. దాని మీద తహసీల్దారు సంతకం ఉంటుంది. కాలేజీ గుమాస్తాకు ఆ తహసీల్దారు ముఖపరిచయం లేదు. అయినా ప్రభుత్వాన్ని నమ్ముతాడు, ప్రభుత్వం నియమించింది కాబట్టి తహసీల్దారును నమ్ముతాడు, తహసీల్దారు సంతకం ఉంది కాబట్టి మీ కాగితాన్ని నమ్ముతాడు. వెబ్ సర్టిఫికెట్టులోనూ ఇదే గొలుసు. ప్రభుత్వం స్థానంలో రూట్, తహసీల్దారు స్థానంలో ఇంటర్మీడియట్, మీ కాగితం స్థానంలో సర్వరు సర్టిఫికెట్టు. నమ్మదగిన రూట్‌ల జాబితా మీ కంప్యూటరులోనో, బ్రౌజరులోనో ముందే ఉంటుంది.

సర్వరు దగ్గర రెండు కీలు ఉంటాయి. బహిరంగ కీ సర్టిఫికెట్టులోనే రాసి ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. రహస్య కీ మాత్రం అధికారి బీరువాలోని రబ్బరు స్టాంపు లాంటిది. రంగులు కలిపేటప్పుడు సర్వరు తన రహస్య కీతో సంతకం చేసి పంపుతుంది. బ్రౌజరు ఆ సంతకాన్ని బహిరంగ కీతో సరిచూసుకుంటుంది. మోసగాడి దగ్గర సర్టిఫికెట్టు నకలు ఉన్నా రహస్య కీ లేదు కాబట్టి సంతకం చేయలేడు. సంగతంతా ఇంతే.

4. పని చేసే క్రమం

ఇక కంపెనీలో ఈ పని ఎలా చేస్తారో మెట్టు మెట్టుగా చూద్దాం. జావాతో రాసిన సాఫ్ట్‌వేరు టామ్‌క్యాట్ సర్వరు మీద నడుస్తోంది అనుకోండి.

మొదటి మెట్టు: పేర్లు రాసుకోవాలి. ఆ సాఫ్ట్‌వేరును జనం ఏయే పేర్లతో తెరుస్తారు? ఒక్క పేరు మరచిపోయినా ఆ పేరుతో వచ్చినవాళ్ళకు హెచ్చరిక కనిపిస్తుంది.

రెండవ మెట్టు: రహస్య కీ తయారుచేయాలి. జావాతో వచ్చే కీటూల్ గాని, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ గాని వాడతారు. ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో అయితే 2048 బిట్లకు తగ్గకూడదు. ఆ ఫైలును సర్వరు నడిపే ఖాతా తప్ప ఇంకెవరూ చదవలేకుండా అనుమతులు పెట్టాలి. మెయిలులో పంపకూడదు, పెన్‌డ్రైవులో తిప్పకూడదు.

మూడవ మెట్టు: సీఎస్‌ఆర్ అనే దరఖాస్తు తయారుచేయాలి. ఇందులో పేర్లు, బహిరంగ కీ ఉంటాయి. రహస్య కీ ఉండదు. ఎవరైనా "మీ రహస్య కీ కూడా పంపండి" అంటే అక్కడే ఆగిపోండి.

నాలుగవ మెట్టు: ఆ పేరు మీదే అని రుజువు చేయాలి. సర్టిఫికెట్టు ఇచ్చే సంస్థ ఒక సంకేతం ఇస్తుంది. దాన్ని మీ డొమైన్ రికార్డులో గాని, వెబ్‌సైటులో గాని ఉంచమంటుంది. ఆ పేరు మీద అధికారం ఉన్నవాళ్ళే అలా ఉంచగలరు. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ ఇలాంటి సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తోంది. కాబట్టి చిన్న సంస్థలు డబ్బు లేదని సాకు చెప్పడానికి లేదు.

ఐదవ మెట్టు: వచ్చిన సర్టిఫికెట్టును ఇంటర్మీడియట్‌తో కలిపి సర్వరులో పెట్టాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఇంటర్మీడియట్ పెట్టకపోయినా చాలా బ్రౌజర్లు దాన్ని ఎలాగో సంపాదించుకుని సైటును తెరుస్తాయి. మనం అంతా బాగుందనుకుంటాం. కాని జావా ప్రోగ్రాములు మామూలుగా అలా వెతుక్కోవు. గొలుసు తెగిందని ఆగిపోతాయి.

ఆరవ మెట్టు: సర్వరు అమరిక. టామ్‌క్యాట్‌లో సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలులో కనెక్టరు రాస్తారు. అందులో మామూలు పోర్టు 8080, ఎన్‌క్రిప్షన్ ఉన్న పోర్టు 8443. బయటి ప్రపంచానికి కనిపించేవి 80, 443. టీఎల్‌ఎస్ 1.2, 1.3 మాత్రమే ఉంచి మిగిలినవి తీసేయాలి. 80కి వచ్చినవాళ్ళను 443కి పంపాలి. లాగిన్ అయినప్పుడు ఇచ్చే కుకీకి సెక్యూర్ అనే గుర్తు పెట్టాలి. లేకపోతే ఒక్క పొరపాటు లింకుతో ఆ కుకీ పోస్టుకార్డు మీద వెళ్ళిపోతుంది.

ఏడవ మెట్టు: బయటి నుంచి పరీక్షించాలి. మీ సొంత కంప్యూటరులో తెరుచుకుంటే చాలదు. వేరే ఫోనులో, వేరే నెట్టులో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో కూడా చూడాలి.

ఎనిమిదవ మెట్టు: గడువు. దీనికి ఒక ఉపశీర్షికే కావాలి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

5. నా తప్పు

2011లో నేను మన జిల్లాలోనే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. గేటు దగ్గర లారీ కాటా ఉండేది. లారీ కాటా మీదికి ఎక్కగానే బరువు కంప్యూటరులో పడి, అక్కడి నుంచి హెచ్‌టీటీపీఎస్ ద్వారా ఆఫీసు సర్వరుకు వెళ్ళి, గేటు పాసు అచ్చయ్యేది. ఆ సర్వరు సర్టిఫికెట్టు నాకంటే ముందు పనిచేసినాయన పెట్టింది. గడువు దగ్గర పడుతోందని హెచ్చరిక మెయిళ్ళు వచ్చాయి, కాని ఆయన పాత మెయిలుకు వచ్చాయి. ఆయన అప్పటికే ఉద్యోగం మానేశాడు. గడువు తేదీ ఎక్కడైనా రాసి ఉందా అని నేను ఒక్కరోజైనా అడగలేదు.

ఒక రాత్రి గడువు దాటింది. కాటా ప్రోగ్రాము సర్వరుతో మాట్లాడనని మొండికేసింది. పాసులు ఆగిపోయాయి. షిఫ్టు ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. "ఏమప్పా, లారీలు రోడ్డు మీదికి వచ్చేసినాయి. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. ఆ ప్రోగ్రాములో సర్టిఫికెట్టును సరిచూడవద్దు అని చెప్పే అమరిక ఒకటి ఉంది. అది పెట్టేశాను. ఐదు నిమిషాల్లో లారీలు కదిలాయి. అందరూ మెచ్చుకున్నారు కూడా.

మూడు రోజుల తర్వాత కొత్త సర్టిఫికెట్టు వచ్చింది, సర్వరులో పెట్టాను. కాని కాటా దగ్గర తీసేసిన తనిఖీని మళ్ళీ పెట్టడం మరచిపోయాను. నాలుగు నెలల తర్వాత ఆడిట్‌కు ఒకాయన వచ్చాడు. తన ల్యాప్‌టాపును మా నెట్‌వర్కుకు కలిపి, తానే ఒక దొంగ సర్టిఫికెట్టు చేసుకుని, సర్వరులాగా కూర్చున్నాడు. కాసేపటికి నన్ను పిలిచి, "చూడండి, మీ కాటా నాతో మాట్లాడుతోంది" అన్నాడు. తెర మీద కాటా ఖాతా పేరు, పాస్‌వర్డు ఉన్నాయి. ఆయన కావాలనుకుంటే బరువులు మార్చవచ్చు. కాటా మీద అంకె అంటే డబ్బే కదా.

ఎవరూ ఏమీ దోచుకోలేదు. నాకు ఒక మెమో ఇచ్చి వదిలేశారు. కాని ఆ నాలుగు నెలలూ ఎన్‌క్రిప్షన్ జరుగుతూనే ఉందన్న సంగతి గమనించండి. కవరు అంటించే ఉంది. ఎవరికి ఇస్తున్నామో చూడడం మాత్రం మానేశాం. ఆ రాత్రి నేను చేయవలసింది వేరే. గేటులో చేతిరాత రశీదు పుస్తకం ఉండేది. తెల్లవారేదాకా దానితో పాసులు రాయించి, ఉదయం సర్టిఫికెట్టు పని చూసుకోవలసింది. కొన్ని గంటలు ఆలస్యమయ్యేది, అంతే. తొందరలో తీసిన తనిఖీని తిరిగి పెట్టేవాళ్ళు అరుదు. అందుకే తీయకపోవడమే మేలు.

ఇప్పుడు గడువులు ఇంకా తగ్గుతున్నాయి. 2020 సెప్టెంబరు నుంచి సర్టిఫికెట్టు గడువు 398 రోజులకు మించకూడదన్నారు. 2025 ఏప్రిల్‌లో బ్రౌజరు కంపెనీలు, సర్టిఫికెట్టు సంస్థలు కలిసి తీసుకున్న నిర్ణయం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే గరిష్ఠం. ఇక చేత్తో మార్చుకుంటూ కూర్చోవడం సాధ్యం కాదు. ఆక్మే అనే పద్ధతితో సర్వరే తనంతట తాను కొత్త సర్టిఫికెట్టు తెచ్చుకునే ఏర్పాటు చేయాలి. అయినా ఒక మనిషి చూస్తూ ఉండాలి. కొత్త సర్టిఫికెట్టు ఫైలు వచ్చి కూర్చున్నా, సర్వరును మళ్ళీ చదివించకపోతే అది పాతదే చూపిస్తుంది.

6. కోట, పక్క కొండ

మన బళ్ళారి కోట కథ మీ తాతలు చెప్పే ఉంటారు. హైదర్ అలీ ఒక ఫ్రెంచి ఇంజనీరు చేత కోటను బాగుచేయించి, దిగువ కోట కట్టించాడట. అంతా అయ్యాక చూస్తే పక్కనున్న కుంబార గుడ్డ కోట ఉన్న కొండ కంటే ఎత్తుగా ఉంది. అక్కడికెక్కితే కోట గుట్టంతా కనిపిస్తుంది. కోపం వచ్చి ఆ ఇంజనీరును ఉరితీయించాడని చెప్పుకుంటారు. గోడ కట్టడంలో తప్పు లేదు. పక్క కొండను చూడకపోవడమే తప్పు.

కంపెనీ సాఫ్ట్‌వేరులోనూ ఇదే జరుగుతుంది. పెద్ద సంస్థల్లో బయటి నుంచి వచ్చినవాళ్ళు నేరుగా టామ్‌క్యాట్ దగ్గరికి వెళ్ళరు. ముందు అపాచీయో, ఎన్‌జిన్‌ఎక్సో ద్వారపాలకుడిలా ఉంటుంది. ఎన్‌క్రిప్షన్ అక్కడే ముగిసిపోతుంది. అక్కడి నుంచి టామ్‌క్యాట్‌కు, టామ్‌క్యాట్ నుంచి డేటాబేసుకు వెళ్ళే దారి చాలాచోట్ల పోస్టుకార్డే! "లోపలి నెట్‌వర్కే కదా" అంటారు. నాకు పాఠం చెప్పిన ఆడిటరు కూర్చున్నదీ లోపలి నెట్‌వర్కులోనే. కాబట్టి ఒక కాగితం మీద బ్రౌజరు నుంచి డేటాబేసు దాకా గీత గీయండి. ప్రతి ముక్క దగ్గర "ఇక్కడ కవరు మూసి ఉందా? ఎవరికి ఇస్తున్నామో చూస్తున్నామా?" అని రాసుకోండి.

లోపలి సర్వర్లకు కంపెనీ తానే ఒక సొంత రూట్ తయారుచేసుకోవచ్చు. అప్పుడు జావా ప్రోగ్రాము ఆ రూట్‌ను గుర్తించక తప్పు చూపిస్తుంది. ఆ రూట్‌ను జావా నమ్మకపు జాబితాలో చేర్చడం సరైన మందు. తనిఖీనే తీసేయడం నేను వేసిన మందు.

7. సంతకం చేసేవాడే తప్పు చేస్తే?

తెలివైన విద్యార్థి ఈ ప్రశ్న అడగాలి. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. దాని కింద సర్టిఫికెట్టు సంస్థలకు లైసెన్సు ఇవ్వడానికి ఒక కంట్రోలర్‌ను నియమించారు. అలా లైసెన్సు పొందినవాటిలో మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ ఒకటి. రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ అది. 2004లో మొదలైన ఆర్‌టీజీఎస్ వంటి చెల్లింపుల్లో బ్యాంకుల మధ్య సందేశాలకు డిజిటల్ సంతకాలు ఆ సంస్థ సర్టిఫికెట్లతోనే నడిచాయి. మన తెలుగు నగరంలో ఇంత పెద్ద పని జరిగిందని పిల్లలకు తెలియాలి.

2014 జూలైలో ఒక చేదు పాఠం కూడా దొరికింది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరుకు చెందిన సర్టిఫికెట్టు విభాగం నుంచి గూగుల్ పేర్లకు అనధికారికంగా సర్టిఫికెట్లు జారీ అయ్యాయని గూగుల్ జూలై 2న గుర్తించింది. జారీ చేసే విధానంలోకే ఎవరో చొరబడ్డారని తేలింది. మరునాడే, జూలై 3న, కంట్రోలర్ ఆ విభాగపు ఇంటర్మీడియట్‌లను రద్దుచేశారు. విండోస్ జాబితాలో మన దేశపు రూట్ ఉంది కాబట్టి ఆ కంప్యూటర్లకు ప్రమాదం ఉండింది. సొంత జాబితా వాడే ఫైర్‌ఫాక్స్‌కు లేదు. ఇలాంటివి దాగకుండా, జారీ అయిన ప్రతి సర్టిఫికెట్టునూ బహిరంగ పట్టికలో రాయాలనే ఏర్పాటు తర్వాత బలపడింది. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయినవి ఆ పట్టికలో లేకపోతే క్రోమ్ ఒప్పుకోదు. మీ సంస్థ పేరు మీద ఎవరైనా సర్టిఫికెట్టు తీసుకున్నారేమో మీరే ఆ పట్టికలో వెతకవచ్చు.

8. తల్లిదండ్రులకు నాలుగు మాటలు

ఒకటి: కవరు మూసి ఉన్నంత మాత్రాన పుచ్చుకునేవాడు మంచివాడని కాదు. దొంగ సైట్లు కూడా ఉచితంగా సర్టిఫికెట్టు తెచ్చుకుంటాయి. బీగం బొమ్మ చూసి జనం మోసపోతున్నారనే 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ బొమ్మను తీసేసింది.

రెండు: పేరు చదవండి. చిరునామాలో మొదటి ఒంటి గీతకు ముందున్న భాగాన్ని చివరి నుంచి వెనక్కి చదవాలి. జాతీయ స్కాలర్‌షిప్పు పోర్టల్ పేరు స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ ఉండాలి. గవ్ అనే మాట మధ్యలో ఉండి చివర ఇంకేదో ఉంటే అది ప్రభుత్వానిది కాదు. బ్యాంకులు తమ సైట్లను 2025 అక్టోబరు 31లోగా బ్యాంక్ డాట్ ఇన్ అనే ముగింపుకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే బాధ్యత కూడా పైన చెప్పిన ఐడీఆర్‌బీటీదే.

మూడు: ఎర్ర హెచ్చరిక వస్తే ఆగండి. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఓటీపీ ఏదీ ఇవ్వకండి.

నాలుగు: పిల్లలు ఆగి అడిగితే కసరకండి. ఆఖరి తేదీ కంగారులో మనమే వాళ్ళను "నొక్కు, నొక్కు" అంటాం.

9. విద్యార్థులకు అభ్యాసం

ఇంట్లో పాత కంప్యూటరు ఒకటి ఉంటే చాలు, ఖర్చు లేదు.

అ) టామ్‌క్యాట్ పెట్టి 8080లో ఒక పేజీ తెరవండి.
ఆ) కీటూల్‌తో మీరే సంతకం చేసుకున్న సర్టిఫికెట్టు తయారుచేసి 8443లో తెరవండి. బ్రౌజరు ఎందుకు హెచ్చరిస్తోందో రెండు వాక్యాల్లో రాయండి.
ఇ) ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో సొంత రూట్ తయారుచేసి, దానితో సర్వరు సర్టిఫికెట్టుకు సంతకం చేయండి. రూట్‌ను బ్రౌజరు జాబితాలో చేర్చితే హెచ్చరిక పోతుంది. ఎందుకు? పని అయ్యాక ఆ రూట్‌ను తప్పక తీసేయండి.
ఈ) ఒక్క రోజు గడువుతో సర్టిఫికెట్టు చేసి, మరునాడు ఏమవుతుందో చూడండి.
ఉ) ఏదైనా బ్యాంకు సైటు సర్టిఫికెట్టు తెరిచి, గొలుసులోని మూడు పేర్లూ, గడువు తేదీ రాసుకోండి.

ఈ అయిదూ చేసినవాళ్ళకు డిప్లొమా అయినా, బీఎస్సీ అయినా, బీసీఏ అయినా సర్వర్ల ఉద్యోగానికి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత అనుభవం ఉంటుంది. దానితో పాటు లినక్స్, నెట్‌వర్కింగ్ పునాదులు నేర్చుకోండి. ఇంగ్లీషు భయపెడితే ముందు తెలుగులోనో, కన్నడంలోనో మీ మాటల్లో రాసుకోండి. నేనూ అలాగే నేర్చుకున్నాను.

చివరగా

ఆ అమ్మాయి ఫోన్‌లోనే ఉంది. "నొక్కవద్దమ్మా. ముందు చిరునామా చదువు" అన్నాను. చదివింది. పేరు సరిగానే ఉంది. "ఇప్పుడు కంప్యూటరులో కింద మూల తేదీ ఎంత ఉందో చూడు" అన్నాను. కాసేపు మాట లేదు. "2009 జనవరి ఒకటి అని ఉందన్నా" అంది.

అది పాత కంప్యూటరు. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది. 2009లో కూర్చుని చూస్తే ఇప్పటి సర్టిఫికెట్ల గడువు ఇంకా మొదలే కాలేదు! అందుకే అన్ని సైట్లకూ హెచ్చరిక వస్తోంది. సెంటరాయన రోజూ అందరి చేతా దాన్ని దాటిస్తున్నాడు. అలా అలవాటు పడినవాళ్ళు రేపు నిజమైన దొంగ సైటు వచ్చినా అలాగే దాటేస్తారు. తేదీ సరిచేయించాను. హెచ్చరిక పోయింది. ఆ రాత్రే దరఖాస్తు వెళ్ళింది.

2011లో లారీల ముందు నేను ఆగి ఉండవలసింది, ఆగలేదు. ఆఖరి తేదీ నెత్తి మీద ఉన్నా పీయూసీ పిల్ల ఆగింది, అడిగింది. ఈ పాఠంలో మిగిలినవి మరచిపోయినా ఆ ఒక్కటి గుర్తుంచుకోండి.